మా అమ్మ పక్కన నిలబడ్డ వాళ్లందరికీ దండాలు

అమ్మను అడిగి, ఆమె "రాయి బిడ్డా, దాచుకునేదేముంది" అన్నాకే ఇది రాస్తున్నా. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. అమ్మ బీడీలు చుడుతుంది. ఏళ్ల తరబడి మందు కల్లుకు, అంటే మత్తు బిళ్లల మందులు కలిపిన కల్లుకు అలవాటుపడి, ఇప్పుడు మానేసింది. ఆమెకు సాయం చేసిన వాళ్లకు విడివిడిగా ఫోన్ చేసి చెప్పుకున్నా గానీ నలుగురిలో చెప్పకపోతే నా మనసు ఊరుకోవడం లేదు. మగవాళ్లు తాగితే ఊరంతా మాట్లాడుకుంటారు. ఆడవాళ్లు అలవాటుపడితే ఇంట్లో తలుపులేసుకుని గుసగుసలాడుకుంటారు. ఆ తలుపులు తోసుకుని లోపలికొచ్చిన మనుషుల గురించి చెప్పాలి.

మా దిక్కు కల్లు కొత్త కాదు. పండక్కి, పెళ్లికి, చావుకి, ఆడామగా అందరూ తాగేదే. చెట్టు నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లు వేరు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట దుకాణాల్లో తయారయ్యే కల్లు వేరు. నీళ్లలో తీపికి శాక్రిన్, నిషాకు అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఇవన్నీ డాక్టర్లు నిద్రకో, ఆందోళనకో కొలిచి రాసే మందులు. ఏ సీసాలో ఎంత పడిందో తాగేవాళ్లకు తెలిసే దారే లేదు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, జర్దా నింపి, చుట్టి, దారం కట్టీ కట్టీ అమ్మకు మెడ, నడుము పట్టేసేవి. మాపటికి కల్లు పడితే నొప్పి తెలిసేది కాదు, నిద్ర పట్టేది. రోగానికి మందు దొరికిందనే అనుకుంది పాపం.

ఒకసారి దాడులు జరిగి మా ఊరి దుకాణం మూతపడింది. రెండో రోజుకు అమ్మకు చేతులు వణకడం, చెమటలు, కంటిమీద కునుకు లేకపోవడం మొదలయ్యాయి. ఆ తర్వాత మనిషే మారిపోయింది. గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడేది. ఒళ్లో చాట లేదు, ఆకు లేదు, అయినా వేళ్లు మాత్రం గాలిలో బీడీలు చుడుతూనే ఉన్నాయి. ఆకు మడవడం, బొటనవేలితో కొస నొక్కడం, కనబడని దారాన్ని పంటితో తెంపడం, అంతా వరుస తప్పకుండా. చూసినవాళ్లు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించమన్నారు. అంతలోనే ఫిట్స్ వచ్చాయి. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టబోయారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపించబోయారు.

మొదటి దండం మా పక్కింటి అక్కకు. ఆ అక్క వచ్చి అందరినీ పక్కకు జరిపి, అమ్మ తలకింద చీర మడతపెట్టి, ఒత్తిగిలి పడుకోబెట్టి ఒకటే అడిగింది: "వదిన కల్లు తాగక ఎన్ని రోజులైంది?" 2015 చివర్లో సర్కారు కల్తీ కల్లు మీద విరుచుకుపడ్డప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దవాఖానాలు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఇలాంటి వాళ్లతోనే నిండిపోయాయి. ఆ అక్క మరిది కూడా అందులో ఒకడు. అప్పుడు చూసింది కాబట్టే మా అమ్మకు పట్టింది దయ్యం కాదని గుర్తుపట్టింది. 108కు ఫోన్ చేసింది కూడా తనే. అక్కా, నువ్వు ఆ పూట ఇంట్లో లేకపోయుంటే మేము ఏ భూతవైద్యుడి గడపలోనో ఉండేవాళ్లం.

అంబులెన్స్‌లో వచ్చిన తమ్ముడూ అదే అడిగాడు, చివరిసారి ఎప్పుడు తాగిందని. జిల్లా సర్కారు దవాఖానాలో డ్యూటీ డాక్టరమ్మ, వార్డులో నర్సమ్మ, అందరూ అదే అడిగారు. ఎందుకు తాగింది, ఆడమనిషి అయ్యుండి సిగ్గులేదా అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఈ మాట ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఆ రెండో ప్రశ్నకు భయపడే మా ఊళ్లో ఎంతోమంది ఆడవాళ్లు దవాఖానా మెట్లెక్కరు.

సైకియాట్రీ డాక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. అల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, అందుకే ఒక్కసారిగా ఆగితే ఒకట్రెండు రోజుల్లోనే మెదడు అదుపు తప్పుతుంది, ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తాయి. అందుకని ఎక్కువసేపు పనిచేసే డైజిపామ్ లాంటి మందు మొదలుపెట్టి వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. "మొండిగా మాన్పించొద్దు, మీ అంతట మీరు బిళ్లలు కొనిచ్చి నడిపించొద్దు" అని రెండు మాటలూ ఒకే బరువుతో చెప్పారు. అమ్మ నడుము నొప్పి గురించి కూడా అడిగి ఫిజియోథెరపీకి పంపారు. మూలం అక్కడుందని ఆయనే కనిపెట్టారు. సార్, మీ ఓపీ ముందు ఎంత లైనుంటుందో నాకు తెలుసు. అంత ఒత్తిడిలో కూడా మా అమ్మతో "ఎన్ని వేల బీడీలు చుట్టావమ్మా ఈ చేతులతో" అన్నారు. ఆ మాట ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంటికొచ్చాక అసలు కష్టం సాయంత్రాలది. దుకాణం మళ్లీ తెరిచారు. పొద్దు గూకే వేళకు అమ్మ కాళ్లు ఆగేవి కాదు. నేను హైదరాబాద్‌లో కొలువు వదిలి రోజూ ఉండలేను. సంఘం అక్కలు మాట్లాడుకుని, సరిగ్గా ఆ వేళకు చాటలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ హితబోధ చేయలేదు. బీడీలు చుట్టుకుంటూ కోడళ్ల సంగతులు, కార్ఖానాలో కటింగుల సంగతులు మాట్లాడుకుని, చీకటి పడ్డాక లేచి వెళ్లేవాళ్లు. బిళ్లల డబ్బా ఆశా అక్క తన దగ్గర పెట్టుకుని ఏ పూటది ఆ పూట చేతికిచ్చేది. చెట్టెక్కే గౌడన్న ఒకాయన అమ్మను చూడ్డానికొచ్చి "చెల్లె, చెట్టుకల్లు కూడా నీకిప్పుడు వద్దు, నేనైతే పొయ్య" అన్నాడు. తన బతుకుదెరువు అదే అయినా ఆ మాటన్నాడు. అన్నా, నీకు ప్రత్యేకంగా దండం.

ఇప్పుడు చెప్పబోయేది అమ్మే రాయమంది. కొన్ని నెలలు బాగున్నాక చుట్టాల పెళ్లికి వెళ్లి అక్కడ తాగింది. మునుపు తాగినన్ని సీసాలే తాగింది, నిద్ర రావాలని ఎవరిదో బిళ్ల కూడా వేసుకుంది. మానేసిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. నిన్నటిదాకా ఏమీ చేయని మోతాదే ఊపిరి ఆపేయగలదు. పెళ్లింట్లో "నిషా దిగితే లేస్తుంది, పండనివ్వండి" అన్నారు. మా పిన్ని కూతురు, ఇంటర్ చదివే పిల్ల, ఒప్పుకోలేదు. గొంతులో గరగరమనే గురక వింది, పిలిచింది, గిల్లింది, పలకలేదు. డిశ్చార్జి రోజు నర్సమ్మ మాకు చూపించింది అదంతా, ఆ పిల్ల పక్కనుండి నేర్చుకుంది. అమ్మను ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, గదవ కాస్త పైకెత్తి, 108కు చేసి, వాళ్లొచ్చేదాకా ఛాతీ మీద చెయ్యేసి ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. పెద్దవాళ్లు మజ్జిగ పోస్తామంటే అడ్డుపడింది. అంబులెన్స్ వాళ్లు ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు. చెల్లీ, అమ్మ బతికున్నది నీ మొండితనం వల్లే.

ఓవర్‌డోస్, అంటే మత్తు మోతాదు మించి ప్రాణం మీదికి రావడం అంటే సూదులు, పౌడర్లు, పట్నం పిల్లల గొడవ అనుకునేదాన్ని నేను. 2001లో మెల్‌బోర్న్‌లో శాలీ ఫిన్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఓవర్‌డోస్ అవగాహన రోజును ఏటా ఆగస్టు 31న ఎన్నో దేశాల్లో జరుపుతారు. మన పల్లెల్లో అది కల్లు సీసా రూపంలోనూ వస్తుంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇది చదివేవాళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పండి: మత్తులో ఉన్న మనిషి పిలిస్తే పలకకపోయినా, గురక గరగరమన్నా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా అది నిద్ర కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, కక్కించాలని చూడకండి, ఒంటరిగా వదలకండి, 108కు చెయ్యండి. ఏం తాగారో, ఏ బిళ్ల వేసుకున్నారో దాచకుండా చెప్పండి. హెరాయిన్ లాంటి వాటికి నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది గానీ అల్ప్రాజోలం మీద అది పనిచేయదు. ఊపిరిని నిలబెట్టడమే ముఖ్యమైన వైద్యం, అది జరగాలంటే వేళకు దవాఖానాకు చేరాలి.

ఆ పెళ్లి తర్వాత అమ్మ తలెత్తుకోలేక ఇంట్లోంచి బయటికి రాలేదు. సంఘం అక్కలు ఆ సాయంత్రమే మళ్లీ చాటలతో వచ్చి కూర్చున్నారు. ఏమైందని అడగలేదు. ఒకావిడ తన కత్తెర పదును పోయిందని అమ్మ కత్తెర అడిగి తీసుకుంది, అంతే. డాక్టర్ గారు కూడా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు, ముఖం చిట్లించకుండా. సాయం ఒకసారి చేయడం వేరు, ఇలా రెండోసారి చేయడం వేరు. నేను రుణపడింది ముఖ్యంగా ఈ రెండోసారికే.

అమ్మ ఇప్పుడు నెలకోసారి ఓపీకి వెళ్తోంది. మా వాడలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లను తనే వెంటబెట్టుకుని తీసుకెళ్తోంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్లు మనసు బాధకు 14416 టెలీమానస్‌కు గానీ, మత్తు మాన్పించే సాయానికి 14446కు గానీ చేయొచ్చు, డబ్బులేమీ పడవు. నిజామాబాద్ చుట్టుపక్కల మీ ఇంట్లో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఏ గదికి వెళ్లాలో నేను చెబుతా. తోడు కావాలంటే అమ్మ వస్తానంది.