నాయనకు, నా బిడ్డ చిన్ని లెక్కల గురించి

మస్కట్,
శుక్రవారం.

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

నేను బాగుండా. మీరందరూ బాగుండారని తలుస్తా ఉండా. ఈ ఉత్తరం, ఖర్జూరం డబ్బా, అమ్మ మోకాళ్ళకి రాసుకునే మందు కావలి అమ్మాయి చేతికి ఇచ్చి పంపిస్తా ఉండా. ఆమె కావలిలో దిగి ఫోన్ చేస్తది. అన్న పోయి తెచ్చుకుంటే చాలు, ఆమెని కందుకూరు దాకా రమ్మనబాకండి, చంటిబిడ్డతో వస్తా ఉంది.

ఫోనుండగా ఈ కాగితాలేందని అనుకోబాక నాయనా. చిన్నికి ఈ ఎక్స్ లెక్కలు ఎట్టా నేర్పాలని నువ్వు అడిగింది ఫోన్లో చెప్తే నిలవదు. రెండు మాటలు చెప్పేలోపు నువ్వు "ఇదిగో మీ అమ్మ" అని ఫోను అమ్మకిస్తావు. కాగితం మీద ఉంటే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు, చిన్నిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఆసుపత్రిలో డ్యూటీ ఎప్పటిదే. ఈ నెల నైట్లు ఎక్కువ పడినాయి. రూములో ముగ్గురం కలిసి వండుకుంటా ఉండాం, తిండికి లోటు లేదు.

చిన్ని నోటుపుస్తకం ఫోటో పంపించినావే, అప్పటినుంచి నా మనసంతా దానిమీదే ఉంది. పెద్దది చేసుకొని చూశా. పైన 5 ఎక్స్ = 20 అని ఉంది, ఎక్స్ అంటే ఎంతో కనుక్కోవాల్సిన సంఖ్య. దాని కింద ఎక్స్ = 20 − 5 అని రాసింది. దాని కింద 15. రబ్బరుతో చెరిపి మళ్ళీ అదే రాసింది, అక్కడ కాగితం పలచబడి వెనక గీతలు కనపడతా ఉండాయి. మీద ఎర్రసిరాతో ఇంటూ. ఎంత సేపు కూర్చుందో బిడ్డ ఆ ఒక్క లెక్క ముందర.

తీసివేతలో తప్పు లేదు నాయనా. ఇరవైలోంచి ఐదు తీస్తే పదిహేనే. దానికి లెక్కలు రావని అనబాకండి, దాని ఎదురుగా అసలే అనబాకండి. అది చేసిందల్లా "సమానానికి అటుపక్కకి పోతే గుర్తు మారతది" అన్న మాటని గట్టిగా పట్టుకోవడం. ఆ మాట తప్పని నేననను. చేతికి అలవాటైనోళ్ళకి అది అడ్డదారి. ఇప్పుడిప్పుడే సమీకరణం మొహం చూస్తా ఉండే పిల్లకి ముందే అది చెప్తే, ఎందుకు మారతదో తెలియకుండా మార్చుకుంటా పోతది. 5 ఎక్స్ అంటే ఐదు, ఎక్స్ కలిపింది కాదు. ఐదు ఎక్స్‌లు. మధ్యలో ఇంటూ ఉంది గానీ రాయరు. రాయని గుర్తుని అది ప్లస్ అనుకుంది, అటు తీసుకుపోయి మైనస్ చేసింది. చెప్పింది చెప్పినట్టు విన్న పిల్ల అది.

ట్యూషన్ పెట్టిద్దామని అన్నావు. డబ్బు గురించి కాదు, దర్శి వాళ్ళ బాకీ వచ్చే సంక్రాంతికి తీరిపోతది, నువ్వేం పెట్టుకోబాక. ట్యూషన్లో కూడా అదే మాట ఇంకోసారి వల్లెవేయిస్తారని నా భయం. "నాకు ఈ ఎక్స్‌లూ అవీ తెలియవమ్మా, నేను ఐదో తరగతి" అంటావు గానీ, ఈ పాఠం నీకంటే బాగా చెప్పేవాళ్ళు మన బజారులో లేరు. ఒక తట్టలో ఏం పెడితే రెండో తట్టకి ఏమవుతదో నీ చేతులకి తెలుసు.

అంగట్లో ఇప్పుడు కరెంటు కాటా వాడతా ఉండారు గానీ, పాత తక్కెడ అటక మీద ఉంది గదా. దించి ముల్లు సరిగ్గా నిలబడతా ఉందో లేదో చూడు. రాళ్ళు అమ్మ బియ్యం డబ్బా వెనక పెట్టింది. 200 గ్రాములవి రెండుండాలి.

చిన్నికి తెలియకుండా ఒక పొట్లంలో అర కేజీ కందిపప్పు కట్టు. దాని మీద ఎక్స్ అని దానిచేతనే రాయించు. ఎడమ తట్టలో పొట్లం, పక్కన 200 రాయి పెట్టు. కుడి తట్టలో 500 రాయి, రెండో 200 రాయి పెట్టు. ముల్లు మధ్యలో నిలుస్తది. ఇప్పుడు కాగితం మీద రాయమను: ఎక్స్ + 200 = 700. పొట్లం విప్పకుండా అందులో ఎంత ఉందో చెప్పమను. అది ఎడమ తట్టలోంచి 200 తీసేస్తది, చూడు. తియ్యనీ. తక్కెడ కుడివైపు వాలిపోతది. నువ్వేం మాట్లాడబాక, అదే చూసుకుంటది, కుడివైపు 200 కూడా తీస్తది. పొట్లం ఒకపక్క, 500 ఒకపక్క మిగులుతాయి. అప్పుడు ఈ మూడు వరుసలు రాయించు:

ఎక్స్ + 200 = 700
ఎక్స్ + 200 − 200 = 700 − 200
ఎక్స్ = 500

మధ్య వరుస వదలనీయబాక. నీ దగ్గర ఉన్నన్నాళ్ళు ఆ వరుస రాయాల్సిందే. గుర్తు ఎందుకు మారతదో ఆ వరుసలోనే ఉంది. ఎడమవైపు ప్లస్ 200, మైనస్ 200 కొట్టుకుపోయినాయి, కుడివైపు మైనస్ 200 మిగిలింది. ఏదీ గోడ దూకి అటుపక్కకి పోలేదు. రెండువైపులా ఒకే పని చేశాం, అంతే.

తర్వాత తీసివేత. ఒక పొట్లంలోంచి 100 గ్రాములు తీసేశాక మిగిలింది 400 తూగింది. ఎక్స్ − 100 = 400. తీసింది మళ్ళీ పొట్లంలో పొయ్యి, రెండో తట్టలో 100 రాయి వెయ్యి. 500.

అది తప్పుచేసిన రకం మూడోది. దీనికి మాత్రం నిదానంగా కూర్చో. ఒకే బరువుండే మూడు పొట్లాలు ఒక తట్టలో పెట్టు, ఎదురు తట్టలో 600. ఇది 3 ఎక్స్ = 600. ఇక్కడ "మూడు తీసెయ్" అంటే ఏం తియ్యాలి? మూడు గ్రాములా? తీసి చూపించమను. దానికే నవ్వొస్తది. ఒక్క పొట్లం బరువు కావాలంటే కుడివైపు బరువుని మూడు భాగాలు చెయ్యాలి, ఎడమవైపు మూడు పొట్లాల్లో ఒకటే ఉంచాలి. రెండువైపులా మూడుతో భాగించడమంటే అదే. ఇది కుదిరినాక పాత పేజీ తియ్యి. 5 ఎక్స్ = 20 దగ్గర ఏం చెయ్యాలో నువ్వు చెప్పబాక, అదే చెప్తది.

నాలుగోది భాగహారం. ఉలవపాడు నుంచి తెచ్చిన మామిడికాయలు నాలుగిళ్ళకి సమానంగా పంచితే ఇంటికి తొమ్మిది వచ్చినాయి. ఎక్స్/4 = 9. మొత్తం ఎన్ని? నాలుగిళ్ళవీ మళ్ళీ ఒకచోట పొయ్యాలి, 36. కలిపితే తియ్యాలి, తీస్తే కలపాలి, గుణిస్తే భాగించాలి, భాగిస్తే గుణించాలి. ఆ ఏడో తరగతి పుస్తకంలో ఈ పాఠం మొదట్లో లెక్కలు చాలావరకు ఇంతే, ఒక్క అడుగు.

పెద్దమ్మ అన్న మాట అమ్మ నాకు చెప్పింది. చెప్పకూడదనుకునే చెప్పింది, అమ్మనేం అనబాక. "తల్లి దగ్గరుంటే పిల్ల ఇట్టా అయ్యేదా" అనిందంట. నాయనా, నేను దగ్గరుంటే మాత్రం నైట్ డ్యూటీలు లేకుండా ఉంటానా? ఇల్లు కట్టినప్పుడు ఆయన కృష్ణపట్నం జీతం ఒక్కటే చాలిందా? ఇవన్నీ మీకు తెలుసు, పెద్దమ్మకీ తెలుసు. బిడ్డ గురించి నాకు లేని దిగులు ఆమెకుందా? ఈ మాటలు ఆమెకి చెప్పబాక. చదివి ఊరుకో.

రాళ్లపాడు ప్రాజెక్టు నిండిందని అన్న చెప్పినాడు. వానలకి వెనక గోడ చెమ్మగిల్లతా ఉంటే అటక మీద సామాను ఇవతలికి జరిపించు. నిచ్చెన నువ్వెక్కబాక. తక్కెడ కూడా అన్నే దించాలి.

ఇంకోటి చెప్పాలి, నాకు సంతోషమైంది. మొన్న ఫోన్లో నేను "ఎనిమిదికి డ్యూటీ దిగుతా" అంటే చిన్ని వెంటనే "అయితే మనకి తొమ్మిదిన్నరకి చేస్తావు" అనింది. ఎవరూ అడగలేదు. మన టైములోంచి గంటన్నర తీస్తే మస్కట్ టైము. అంటే అది చేసింది ఎక్స్ − 1½ = 8. రెండువైపులా గంటన్నర కలిపి, కాగితం లేకుండా, ఒక్క క్షణంలో చెప్పింది. నేను ఇక్కడికొచ్చినప్పటినుంచి రోజూ చేస్తానే ఉంది. ఆ సంగతి దానికి చెప్పు. నోటుపుస్తకంలో రాసిచ్చి చూపించు. లెక్కలంటే భయమని ఏడ్చే పిల్ల, అమ్మ ఫోను కోసం లెక్క చేసుకుంటా ఉంది.

ఎక్స్ అనే అక్షరమే దానికి బెదురైతే మార్చుకోమను, తప్పేం లేదు. మన భాస్కరాచార్యుడు 1150లో బీజగణితం రాసినప్పుడు ఎక్స్ ఎక్కడుంది? తెలియని మొదటి దాన్ని యావత్తావత్ అన్నాడు. ఇంకా ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు. మొదటి అక్షరాలు పెట్టుకొని యా, కా, నీ అని లెక్క చేసేవాళ్ళు. చిన్నికి నీలం ఇష్టం గదా. "నీ + 7 = 12" అని రాసుకోమను, అయిదు వస్తదా రాదా చూడు. బడిలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయాలి. ఈ సమానం గుర్తు కూడా 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన పెట్టిందే. ఒకే పొడుగున రెండు గీతలు, వాటికంటే సమానమైనవి ఇంకేముంటాయని పెట్టినాడంట. సమానం అంటే "ఇదిగో జవాబు" అని కాదు, అటూ ఇటూ ఒకే తూకం అని. అందుకే 12 = ఎక్స్ + 7 అని తిప్పి ఇచ్చినా అదే లెక్క. అట్టా కూడా ఒకటి ఇచ్చి చూడు, పిల్లలు అక్కడ తడబడతారు.

తక్కెడతో అన్నీ కుదరవు. ఎక్స్ + 9 = 4 అని వస్తే 4 లోంచి 9 తీయాలి, మైనస్ 5 వస్తది. సున్నాకంటే తక్కువ తూగే పొట్లం నువ్వు కట్టలేవు. దానికి సంఖ్యారేఖ గీసి చెప్పాలి, అది నేను ఆదివారం ఫోన్లో చెప్తా. అట్టాంటివి వస్తే పక్కన పెట్టించు.

జవాబు వచ్చినాక ఎక్స్ ఉన్నచోట పెట్టి చూడనిదే పేజీ తిప్పనీయబాక. 15 పెడితే 5 × 15 = 75, ఇరవై కాదు. ఎర్రసిరా పడకముందే తనకే తెలిసిపోయేది. 4 పెడితే ఐదు నాల్గుల ఇరవై. 5 పక్కన 4 పెట్టి 54 అని రాస్తే మాత్రం అక్కడే ఆపి, ఐదు పొట్లాలు గుర్తుచెయ్యి. ఇక్కడ వార్డులో 250 మిల్లీగ్రాముల మాత్రలుండి డాక్టరు 500 రాస్తే, మేం చేసేది 250 ఎక్స్ = 500. అది చిన్న లెక్కే. కొన్ని మందులకైతే ఇద్దరం విడివిడిగా లెక్క కట్టి సరిచూసుకున్నాకే ఇస్తాం. మనిషి ప్రాణం గదా. సరిచూడ్డం చేతగానోళ్ళ పని కాదని దానికి చెప్పు, నేను రోజూ చేస్తానని చెప్పు.

ఈ ఆరూ దానిచేత చేయించు. రోజుకి రెండు చాలు, ఎక్కువ పెట్టబాక.

ఎక్స్ + 8 = 15
ఎక్స్ − 6 = 11
7 ఎక్స్ = 42
ఎక్స్/5 = 3
18 = ఎక్స్ + 10
24 = 3 ఎక్స్

మధ్య వరుసతో, సరిచూసిన వరుసతో రాసి ఫోటో పంపించమను. నేను ఎర్రసిరాతో కాదు, నీలంతో దిద్ది పంపిస్తా.

శనివారం మాలకొండ గుడికి పోయేటట్టయితే చిన్నిని కూడా తీసుకుపోండి, వాన లేకపోతేనే. ఖర్జూరం నువ్వు తినబాక నాయనా, నీ షుగరు సంగతి అమ్మ చెప్పింది, చెప్పొద్దన్నావంట. మాత్ర మానినావని కూడా చెప్పింది. కోపం లేదు నాకు. సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా పోయి రక్తం ఇచ్చి రా, ఆ కాగితం చిన్ని లెక్కలతో పాటే ఫోటో పెట్టించు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి.