ఖాళీ బండిని చూసి బరువుకు పాస్ చేస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు ప్రమాదాల వార్తల్లో ‘బ్రేకులు ఫెయిలవడంతో’ అన్న మాట తరచూ చూస్తుంటాం. సరుకు మోసే పాత పికప్ విషయంలో ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు సంగతి బయటికి రాదు. ఆ లోపం ఆ పూట పుట్టింది కాదు, నెలల ముందే మొదలై ఉంటుంది. పాత పికప్ కొనేవాళ్లు దాన్ని ఖాళీగా నడిపి చూస్తారు. ఫిట్‌నెస్ తనిఖీలో కూడా ఖాళీగానే చూస్తారు. మర్నాటి నుంచి నిండా సరుకేసి తోలతారు. ఈ బండ్లలో పెద్ద లోపాలు చాలావరకు బరువు పడితే తప్ప కనిపించవు. తనిఖీ పద్ధతి మారాలని ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందు కమాన్ పట్టీల సంగతి, అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట సంగతి. ఏళ్ల తరబడి బరువు మోసిన కట్ట వంపు పోయి చదునవుతుంది, బండి వెనక్కి కుంగుతుంది. యజమాని చేయించే పని ఒకటే, కట్టకు ఇంకో రెండు పట్టీలు ఎక్కించడం. బండి లేచి నిలబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ చాలా పికప్పుల్లో వెనుక ఇరుసుకు పైన, ఛాసిస్‌కు (బండి కింది ఇనుప చట్రానికి) బిగించి లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. దాని నుంచి సన్నటి కడ్డీ ఒకటి ఇరుసు దాకా వస్తుంది. సరుకు పడి తొట్టె దిగితే కడ్డీ కదులుతుంది, వాల్వు తెరుచుకుని వెనుక బ్రేకులకు ఒత్తిడి పెరుగుతుంది. తొట్టె ఖాళీగా ఉంటే, వెనుక చక్రాలు పట్టేసి బండి జారకుండా అదే వాల్వు ఒత్తిడి తగ్గిస్తుంది. పట్టీలు పెంచాక ఎంత బరువేసినా తొట్టె మునుపటంత దిగదు. వాల్వు లెక్కలో బండి ఇంకా ఖాళీయే. ఆపే పని చాలావరకు ముందు చక్రాల డిస్కు బ్రేకుల మీద పడి, దిగుడు రోడ్డులో అవి కాగిపోతాయి. పట్టీలు వేసిన రోజే కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేస్తే ఈ బాధ ఉండదు. అది పెద్ద పనేమీ కాదు, అయినా చేసేవాళ్లు తక్కువ. కొన్ని బండ్ల కింద ఆ కడ్డీ తుప్పుకు బిగుసుకుపోయి ఉంటుంది, కొన్నిట్లో ఊడిపోతే బైండింగ్ వైరుతో పైకి కట్టేసి ఉంటుంది. అలా కట్టేస్తే వాన రోడ్డు మీద ఖాళీ బండి వెనుక చక్రాలు లాకై అడ్డం తిరుగుతుంది. వంగి కడ్డీని చేత్తో కదిపి చూస్తే విషయం తెలిసిపోతుంది.

దీనికి పాత బ్రేక్ ఆయిల్ తోడైతే ప్రమాదం రెట్టింపు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ప్రమాణాలు ఆశించేది 155 డిగ్రీలే. కాగిన డిస్కుల దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడతాయి. పెడల్ తొక్కితే బుడగలు నొక్కుకుపోతాయి తప్ప పిస్టన్ కదలదు. పెడల్ నేలకు ఆనుతుంది. చల్లారాక మళ్లీ మామూలుగా గట్టిగా ఉంటుంది. ప్రమాదం తర్వాత మర్నాడు బండిని పరీక్షించినవాళ్లకు బ్రేకులు బాగున్నట్టే అనిపించేది ఇందువల్లే. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీయించడం పాత బండికి తప్పనిసరి.

వెనుక ఇరుసు గేర్లను మూసి ఉంచే హౌసింగ్ మీద, లోపలి గాలి బయటికి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. దాని మీద మట్టి గట్టిపడితే రంధ్రం మూసుకుపోతుంది. బరువుతో తిరిగి హౌసింగ్ ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి, దారిలేక ఆక్సిల్ సీలును (ఇరుసు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే వలయాన్ని) తోసుకుని వస్తుంది. గేర్ ఆయిల్ వెనుక చక్రం బ్రేకు డ్రమ్ములోకి చేరి బ్రేక్ లైనర్లను తడిపేస్తుంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. మెకానిక్ సీలూ లైనర్లూ మార్చి పంపిస్తాడు, కొన్ని నెలలకు మళ్లీ అదే. మూడోసారి కూడా సీలు నాసిరకమని తిట్టుకుంటారే తప్ప బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగేవాళ్లు అరుదు. లైనర్లు విప్పినప్పుడు డ్రమ్ము లోపలి కొలత కూడా తీయాలి. అరుగుదల హద్దు డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది.

ఛాసిస్ తుప్పు లోపలి నుంచి తింటుంది. కమాన్ కట్టల బ్రాకెట్ల చుట్టూ, పెట్టె ఆకారంలో మూసి ఉన్న భాగాల్లో బురద చేరి తడి ఆరదు. అమ్మే ముందు కింద నల్లరంగు కొత్తగా కొట్టించి ఉంటే అనుమానించాలి. చిన్న సుత్తితో కొడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా ధబ్‌మంటుంది. క్యాబిన్‌కూ తొట్టెకూ మధ్య సందు పైన ఎక్కువగా, కింద తక్కువగా ఉంటే ఇరుసు వెనుక అతిబరువు వేసి ఛాసిస్ వంచేశారని అర్థం.

ఇంజిన్ దగ్గరా ఖాళీ పరీక్ష ఇలాగే మోసం చేస్తుంది. రేడియేటర్ వెనుక ఫ్యాన్‌ను నడిపే విస్కస్ కప్లింగ్ లోపల సిలికాన్ ద్రవం కారిపోయినా ఖాళీగా తిరిగినంత కాలం వేడి ముల్లు కదలదు. బరువుతో నెమ్మదిగా ఎత్తు ఎక్కినప్పుడు ఇంజిన్ కాగి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోతుంది. చల్లటి ఇంజిన్ ఆపి ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కొంచెం బిగువు తగలాలి. తోయగానే నాలుగైదు చుట్లు తిరిగిందంటే కప్లింగ్ పని అయిపోయినట్టే. క్లచ్ జారడం కూడా బరువు మీదే తెలుస్తుంది.

టైర్లు కొనేటప్పుడు సైజు ఒక్కటే చూడటం ఇంకో పొరపాటు. టైరు పక్క గోడ మీద లోడ్ ఇండెక్స్ 100 అని ఉంటే ఆ ఒక్క టైరు 800 కిలోలు మోస్తుంది, 91 అయితే 615 కిలోలే. సైజు కుదిరిందని కారు టైర్లు తగిలించిన పికప్ కాగితాల ప్రకారం బరువు వేసుకున్నా వెనుక టైర్ల మోత హద్దు దాటవచ్చు. తయారీ తేదీ కూడా అక్కడే ఉంటుంది. చివరి నాలుగు అంకెలు 2319 అయితే 2019లో 23వ వారం.

ఖర్చు లెక్క కూడా బండి ధర దగ్గరే ఆగిపోతోంది. పాత పికప్ కొన్నాక సరుకు ఎక్కించక ముందే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అయిదూ మార్చాలి, ఫిల్టర్లతో సహా. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, మార్చిన రుజువు లేకపోతే, బెల్టుతో పాటు టెన్షనర్, అది నడిపే వాటర్ పంపూ వేయాలి. క్లచ్ ప్లేటు కోసం గేర్ బాక్స్ దించక తప్పదు, కూలి భారం అక్కడే. అందుకని ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనుక సీలు ఒకేసారి మార్చడమే పొదుపు. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీరు తీయకుండా బద్ధకిస్తే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు దెబ్బతింటాయి. డీజిల్ బండికి అది చాలా ఖరీదైన తప్పు. ఇంజిన్ ఎంత పోయినా విప్పి కట్టుకోవచ్చు. కుళ్లిన ఛాసిస్ మీద పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. అలాంటి బండిని ఎంత చవకగా ఇచ్చినా వదిలేయాలి.

అధికారులను కోరేది కొండంత పనేమీ కాదు. హారన్, లైట్లు, పొగ దగ్గర ఆగకుండా సరుకు బండిని గుంట మీద నిలిపి కింద నుంచి చూడండి. లోడ్ వాల్వు కడ్డీ కదులుతోందో లేదో, పట్టీలు ఎన్ని ఉన్నాయో, అసలు ఎన్ని ఉండాలో కాగితం మీద రాయండి. తొట్టెను కిందికి లాగిపట్టి, బరువు పడ్డట్టుగా వెనుక బ్రేకు బలం కొలిచే రోలర్ యంత్రాలు ఉన్నాయి. అవి లేని చోట తూకం రాళ్లు వేసైనా కొలవండి. ఆ కాగితం బండితో పాటే కొత్త యజమాని చేతికి వెళ్లేలా నియమం పెట్టండి.

మీ విలేకరులకూ ఒక మనవి. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు బండిలో ఎంత బరువుంది, పట్టీలు పెంచారా, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు అన్న మూడు ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులు వార్తలో వేయండి.

– సరుకు బండ్ల మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు