చెరువుకీ కేజ్‌కీ ట్యాంక్‌కీ ఒకే చెక్‌లిస్ట్ వద్దు

అందరికీ నమస్తే అండి. చేపల పెంపకంలో చెరువుకీ, కేజ్‌కీ (నీళ్లలో కట్టే వల పంజరం), ఆర్ఏఎస్ ట్యాంక్‌కీ (నీళ్లని శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడే ట్యాంక్) ఒకటే ఫారం నింపి చేపలు బాగున్నాయి అని రిపోర్ట్ పెడుతున్నారు, అది సరిపోదండి, ఒక్కో చోట చేపకొచ్చే కష్టం వేరు.

ప్లాంక్టన్ (నీళ్లలో తేలే కంటికి కనపడనంత చిన్న నాచు, జీవులు) ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నం కొలిస్తే ఆక్సిజన్ లీటర్‌కి 8 మిల్లీగ్రాములు చూపించినా తెల్లారేసరికి 2కి పడిపోవచ్చు, అందుకే మీటర్ తెల్లవారుజామునే పెట్టాలి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అప్పటికే లేట్ అయినట్టే. కేజ్‌లో వలకి రాసుకుని రెక్కలు చీలతాయి, పొలుసులు ఊడతాయి, నీళ్లు పాడైతే పక్కకి పోయే దారి కూడా ఉండదు పాపం. ఆర్ఏఎస్‌లో నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మేయకండి, బయోఫిల్టర్ (చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని బ్యాక్టీరియాతో శుద్ధి చేసేది) దెబ్బతింటే నైట్రైట్ అనే విషపదార్థం పెరిగి మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి, పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియానే ఇంకా విషం అవుతుంది.

నీళ్ల లెక్కలతో ఆపకుండా చేపని చూడండి. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, ఒంటి మీద జిగురు పోకూడదు, మొప్ప మూత ఎత్తి రంగు చూసి, కళ్లు రెండూ, రెక్కలు, తోక చివర ఫోటో తీయండి. మేత వేసే చోటే వల వేస్తే గట్టిగా ఉన్నవే ఎక్కువ పడతాయి, నీరసంగా మూలన ఉండేవి లెక్కలోకే రావు, నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద లోపం అనిపిస్తుంది. చచ్చినవి తక్కువ కాబట్టి బాగున్నట్టే అనే మాట దయచేసి వదిలేద్దాం, చావకుండా రోజూ బాధపడేవి కూడా ఉంటాయి కదా. ఇకనుంచి రిపోర్ట్ పెట్టేవాళ్లు ఏ సిస్టమ్, ఏ టైమ్, ఎక్కడ పట్టారు అనేది పైనే రాయండి.