వెల్డింగ్ షెడ్డులో రాడ్లు లేవు

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఐటీఐ చదివిన పిల్లలకు పని దొరకడం లేదని, పరిశ్రమలకేమో పని తెలిసినవాళ్లు దొరకడం లేదని ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. అందులో చాలావరకు నిజమే. కానీ కారణం చెప్పేటప్పుడు “పాతబడిన యంత్రాలు, పాతబడిన బోధకులు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చెప్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌ని. ఈ ఉద్యోగానికి ముందు విశాఖలో కాంట్రాక్టర్ల కింద ఓడల పని చేశాను, హైదరాబాద్ విద్యానగర్‌లో బోధకుల శిక్షణ తీసుకున్నాను. వయసులో పాతబడ్డాననేది నిజమే. యంత్రాల సంగతి మాత్రం మీరు రాసినట్టు లేదు. మా షెడ్డులో మంచి ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్లే ఉన్నాయి. కరువల్లా వాటికి తగిలించి కాల్చే రాడ్లకు, అతకడానికి కావాల్సిన ప్లేట్లకు. ఈ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క. నేర్చుకునేవాళ్లకు మేం ఎక్కువగా ఇచ్చేది 3.15 ఎం.ఎం. రాడ్, 6013 రకం. కరెంట్ సరిగా పెట్టుకుంటే ఒక రాడ్ నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. కుర్రాడు రోజుకు పది రాడ్లు కాల్చాడంటే ఆర్క్ ముందు, అంటే రాడ్ కొనకూ ప్లేటుకూ మధ్య వెలిగే మెరుపు ముందు, వాడు గడిపింది మహా అయితే పావుగంట. బ్యాచ్‌లో 20 మంది. రోజుకు 200 రాడ్లు, అంటే రాడ్ పొడవును బట్టి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. ఆ పావుగంట కూడా దక్కని రోజులు ఏడాదిలో బోలెడు. స్టోర్‌లో ప్యాకెట్లు అడుగంటాక మనిషికి మూడు, రెండు అని పంచుతాం. అవీ అయిపోతే రాడ్ బిగించే పిడి, హోల్డర్ అంటాం, అది ఉత్తదే పట్టించి గాల్లో చెయ్యి ఆడిస్తాం. అదీ విసుగొస్తే థియరీ చెబుతాం. పిల్లలు మర్యాదస్తులు, నోట్సు రాసుకుంటారు.

ఈ పనిలో నేర్పడం ఎలా ఉంటుందో చెబితే తప్ప పది రాడ్లకూ రెండు రాడ్లకూ తేడా తెలియదు. షీల్డ్ మొహానికి అడ్డం పెట్టుకున్నాక వాడి మొహం నాకు కనపడదు, నాది వాడికి కనపడదు. 11వ నంబరు నల్లద్దంలోంచి కనపడేది ఆర్క్, దాని కింద కరిగిన లోహపు చిన్న మడుగు, అంతే. కాబట్టి నేను ఎక్కువగా చప్పుడు వింటాను. రాడ్ కొనకూ ప్లేటుకూ మధ్య ఎడం సరిగా ఉంటే పోపు పడ్డప్పటి చిటపట ఆగకుండా వస్తుంది. ఎడం పెరిగితే చప్పుడు బొంగురుపోయి చుట్టూ రవ్వలు ఎగురుతాయి. తగ్గితే రాడ్ ప్లేటుకు అతుక్కుని ఎర్రగా కాలుతుంది, వాడు హోల్డర్ పట్టుకుని అటూ ఇటూ పీకుతుంటాడు. పక్క బూత్‌లో ఇంకొకడితో మాట్లాడుతూనే “ఒరేయ్, దగ్గరకి తే” అని నేను కేకేసేది ఆ చప్పుడు వినే.

రాడ్ కాలేకొద్దీ పొట్టిదవుతుంది. అది పొట్టిదయ్యే వేగంతోనే చెయ్యి కిందికి దిగాలి, అదే సమయంలో పక్కకు జరగాలి, వంపు మారకూడదు. మూడు పనులూ ఒకేసారి. మొదటి నెలలో ఏ కుర్రాడి ప్లేటు చూసినా ఒకచోట గుట్ట, ఒకచోట గుంట ఉంటాయి. చిప్పింగ్ హ్యామర్‌తో పైన గడ్డకట్టిన పెంకు (స్లాగ్) కొట్టి, వైర్ బ్రష్ పట్టి, వాడి చేతే చూపిస్తాను: “ఇదిగో, ఇక్కడ ఊపిరి బిగబట్టావు. ఇక్కడ వదిలావు.” నిజంగా అలాగే ఉంటుంది. తర్వాతి రాడ్ వెంటనే చేతికిస్తేనే ఆ మాట పని చేస్తుంది. “రేపు స్టోర్‌లో అడుగుదాం” అంటే ఇంటికి వెళ్లేలోపే మర్చిపోతాడు.

కిందటేడు ఒక ఎడమచేతి వాటం కుర్రాడు వచ్చాడు. మా బూత్‌లన్నీ కుడిచేతివాళ్లకు తగ్గట్టు కట్టినవి. కేబుల్ కుడిపక్క నుంచి వస్తుంది. వాడు ఎడమచేత్తో హోల్డర్ పట్టుకుంటే కేబుల్ ఛాతీ మీదుగా లాక్కోవాలి, ఆ బరువుకు చెయ్యి వణికేది. “నా వల్ల కాదు సార్, ఎలక్ట్రీషియన్‌లో సీటు ఖాళీ ఉందేటి?” అని అడిగాడు. సెట్ ఎడమపక్కకు జరిపి, కేబుల్ భుజం మీంచి వెనక్కి వేయించాను. దీపావళి సెలవులు అయ్యేసరికి నిలువు వెల్డింగ్‌లో వాడిని మించినవాడు బ్యాచ్‌లో లేడు. ఇలాంటివి సిలబస్‌లో ఉండవు. వాడి కష్టం కేబుల్ దగ్గర ఉందని నాకు కనపడాలంటే వాడు నా కళ్ల ముందు రాడ్ల మీద రాడ్లు కాల్చాలి కదా.

ఇక పైస్థాయి లెక్కలు. ఐటీఐల కోర్సులు, పరీక్షలు చూసే కేంద్ర శిక్షణ సంస్థ డీజీటీ నియమాల ప్రకారం మా పిల్లలు ప్రాక్టికల్‌లో 60 శాతం తెచ్చుకుంటేనే పాస్. థియరీకి 33 చాలు. చేతిపనిదే పెద్దపీట అని నియమం పెట్టినవాళ్లకూ తెలుసన్నమాట. అయినా 2022లో కోర్సు మార్చినప్పుడు ఏడాదికి 1,600 గంటలున్న శిక్షణను 1,200కు కుదించారు. అందులో ప్రాక్టికల్ 840 గంటలు. దానికి తోడు 150 గంటలు బయట ఏదైనా పరిశ్రమలో పని నేర్చుకోవాలన్నారు. ఆలోచన మంచిదే. విశాఖ చుట్టుపక్కల ఐటీఐలకు, మా జిల్లాలోనే పైడిభీమవరం దగ్గరివాళ్లకు సులువు. మాకు చుట్టూ ఉన్నవి జీడిపప్పు బట్టీలు, రైస్ మిల్లులు, గ్రిల్స్ చేసే షాపులు. గ్రిల్స్ షాపులో సన్న పైపుకు, పలుచని యాంగిల్‌కు చుక్క పెట్టి తిప్పేయడమే పని. పది ఎం.ఎం. ప్లేటుకు వరస మీద వరస వేసే అవకాశం అక్కడ రాదు. పైగా షీల్డ్ లేకుండా కళ్లు చికిలించి చుక్కలు పెట్టే అలవాటు అక్కడే అంటుకుంటుంది. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండితే ఇంట్లోవాళ్లు బంగాళాదుంప చక్రాలు పెడతారు, మర్నాడు వాడు సెలవు.

అయినా ఆ షాపులవాళ్లంటే నాకు కృతజ్ఞతే. వాళ్లలో కొందరు నా పాత విద్యార్థులు. కటింగ్‌లో మిగిలిన ముక్కలు బస్తాలో వేసి ఉంచి “మాస్టారూ, తీసుకెళ్లండి” అని ఫోన్ చేస్తారు. మా పిల్లలు ఆ ముక్కల మీదే చెయ్యి తిప్పుకుంటారు. ఒకే ముక్కకు నాలుగు వైపులా వెల్డింగ్ వేసి, గ్రైండర్‌తో అరగదీసి, మళ్లీ దాని మీదే వేయిస్తాను.

డబ్బు అసలు రాదని నేను అనడం లేదు. వచ్చే వేళ చూడండి. కొత్త బ్యాచ్ ఆగస్టులో చేరుతుంది. చెయ్యి కుదిరే కాలం దసరా నుంచి సంక్రాంతి వరకు. ముడిసరుకు డబ్బు మాత్రం చాలా ఏళ్లు మార్చి నెలాఖరున, ఆర్థిక సంవత్సరం ముగుస్తుందన్న హడావిడిలో వస్తుంది. బిల్లులు పెట్టాలి కాబట్టి కొనేస్తారు. అప్పటికి పిల్లలు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. మిగిలిన ప్యాకెట్లు వానాకాలమంతా స్టోర్ గదిలో గోడ పక్కన పడి ఉంటాయి. సముద్రం గాలి తగిలే ఊళ్లలో రాడ్ పూత చెమ్మ లాక్కుంటుంది. ఆగస్టులో చేరిన పిల్లాడికి ఆ రాడ్ ఇస్తే ఆర్క్ పటపటా ఆరిపోతుంది, వెల్డింగ్ నిండా సూదిబెజ్జాలు పడతాయి. పాపం వాడు తన చెయ్యే మంచిది కాదనుకుంటాడు. గట్టి పనులకు వాడే 7018 రకం రాడ్లయితే 300 డిగ్రీల పైన ఓవెన్‌లో ఆరబెట్టనిదే వాడకూడదు. ఓవెన్ ఎక్కడుందని మాత్రం అడగకండి.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర ఏడాది చదివి సర్టిఫికెట్ తీసుకున్న కుర్రాడు గల్ఫ్‌కో, గుజరాత్ ఓడల యార్డులకో, ఏ రిఫైనరీనో ఆపి చేసే మరమ్మతు (షట్‌డౌన్) పనికో వెళ్లాలంటే ట్రేడ్ టెస్టు పెడతారు. 3జీ అంటే నిలువు ప్లేటు, 6జీ అంటే 45 డిగ్రీలు వాల్చి బిగించిన పైపు, దాని చుట్టూ తిరిగి వేయాలి. వేసినదాన్ని కోసి వంచి చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. మా పిల్లల్లో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు, హెల్పర్‌గా మిగిలిపోతారు. అందుకని తల్లిదండ్రులు అప్పు చేసి విశాఖలో ప్రైవేటు సెంటర్లలో చేర్పిస్తారు. ఒకాయన, జీడితోటలో కూలికి వెళ్లే మనిషి, నా దగ్గరకొచ్చి అడిగాడు: “ఏటి మాస్టారూ, ఏడాదంతా మీకాడే నేర్చుకున్నాడు కదా, మళ్లీ అక్కడేటి నేర్పుతారు?”

ఆ సెంటర్లు నేను చూశాను. నేర్పేవాళ్లలో నా దగ్గర చదివినవాళ్లూ ఉన్నారు. నాకు తెలియని విద్య అక్కడ ఏమీ లేదు. ఉన్నదల్లా కోసి పెట్టిన పైపు ముక్కల గుట్ట, అడిగినన్ని రాడ్లు. పొద్దున ఎనిమిదింటికి బూత్‌లోకి వెళ్లినవాడు భోజనం దాకా కాలుస్తూనే ఉంటాడు. ఆ తండ్రి అప్పు చేసి కొన్నది ప్రభుత్వం ఏడాదిపాటు ఇవ్వాల్సిన రాడ్లనే.

నైపుణ్యాల గురించి పెద్దవాళ్ల మాటలకు లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం పత్రంలోనే రాసుకున్నారు, 19 నుంచి 24 ఏళ్ల పనివాళ్లలో పద్ధతిగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం లోపేనని, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 అని. మన రాష్ట్రంలో నైపుణ్య గణన ఫైలు మీద 2024 జూన్‌లో ముఖ్యమంత్రి సంతకం చేశారు. సంతోషం. ఆ గణన చేసేవాళ్లు ఒకసారి మా స్టోర్ రిజిస్టర్ కూడా గణిస్తే ఇంకా సంతోషం. పక్కన తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. కేంద్రం పీఎం-సేతు పేరుతో 1,000 ప్రభుత్వ ఐటీఐలకు 60,000 కోట్లు అంటోంది. అందులో 200 హబ్‌లు, అంటే కేంద్రంగా ఉండేవి, 800 స్పోక్‌లు, అంటే వాటికి అనుబంధంగా ఉండేవి. మా ఐటీఐ లాంటిది వస్తే స్పోక్‌లోనే వస్తుంది. రోబో వెల్డింగ్, సిమ్యులేటర్లు రావాలి, నేను వద్దనను. సిమ్యులేటర్ మీద మొదటి వారం చెయ్యి భయం పోతుంది, రాడ్ ఖర్చు కూడా ఉండదు. కానీ అది వేడి తగలనివ్వదు, పొగ రానివ్వదు, తలపైన వేసేటప్పుడు నిప్పురవ్వ మెడలోంచి చొక్కాలోకి జారితే చెయ్యి కదపకుండా ఉండటం నేర్పదు. నాకు తెలిసిన ఒక సంస్థలో టిగ్ మెషిన్, అంటే ఆర్గాన్ గ్యాస్ అండతో అతికే వెల్డింగ్ యంత్రం, అట్టపెట్టెతో సహా భద్రంగా ఉంది. ఆర్గాన్ సిలిండర్ కొనడానికి ఏ పద్దూ లేదట. యంత్రం ఒకసారి కొంటే ఫొటో వస్తుంది. రాడ్లు ప్రతినెలా కొనాలి, వాటికి రిబ్బన్ కట్ చేసేవాళ్లు ఎవరుంటారు?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ముడిసరుకు డబ్బు ఆగస్టులో, బ్యాచ్‌తోపాటే రావాలి. యంత్రాల పద్దులో కలపకుండా తలకింత అని విడిగా ఇవ్వాలి. రాడ్లు, ప్లేట్లు దగ్గరి పట్నంలోనే కొనుక్కునే వీలు ప్రిన్సిపాల్‌కు ఉండాలి. ఒక్క బ్యాచ్‌కు సరిపడే ప్లేట్ల కోసం నెలల తరబడి కొటేషన్లు తిప్పడం మానాలి. తనిఖీకి వచ్చే అధికారులు హాజరు పుస్తకం చూస్తారు, ఆన్‌లైన్‌లో ఎక్కించిన మార్కులు చూస్తారు. వాటితోపాటు ఒక్కో పిల్లాడు ఈ నెల ఎన్ని రాడ్లు కాల్చాడని కూడా అడగాలి. రెండు నెలలు అడిగితే చాలు, మిగతావన్నీ వాటంతటవే కదులుతాయని నా నమ్మకం. ఇక పాతబడిన బోధకుల మాట. రెండేళ్లకోసారి మమ్మల్ని నెల రోజులు ఏ షిప్‌యార్డుకో, పైపులైన్ పనికో పంపండి, ఆనందంగా వెళ్తాం. కాకపోతే షెడ్డుకు ఒక్కడే బోధకుడు ఉన్నచోట ఆ నెల రోజులు పిల్లలను ఎవరు చూస్తారో కూడా ఆలోచించాలి. పక్క ట్రేడులో పోస్టు ఖాళీగా ఉంటే ఆ పిల్లలను కూడా నేనే చూసుకోవాల్సి వస్తోంది. గెస్ట్ ఫ్యాకల్టీగా వచ్చిన కుర్రాడేమో ప్రైవేటులో మంచి జీతం రాగానే వెళ్లిపోయాడు. అతన్ని తప్పు పట్టలేను.

మీ విలేకరి మరో కథనం రాస్తానంటే ఆగస్టులో ఒకసారి మా షెడ్డుకు పంపండి. ఉత్తరాంధ్రలో ఏ ప్రభుత్వ ఐటీఐకి వెళ్లినా ఫరవాలేదు. ముందు స్టోర్ రిజిస్టర్ అడగమనండి, తర్వాత బూత్‌లో నిలబడి ఒక రాడ్ తనే కాల్చి చూడమనండి. మందపాటి కాటన్ చొక్కా, బూట్లు వేసుకుని రావాలి. నైలాన్ చొక్కా అయితే నేను బూత్‌లోకి రానివ్వను.

ఇట్లు,
వెల్డర్ ట్రేడ్ బోధకుడు, శ్రీకాకుళం జిల్లా
(ఉద్యోగంలో ఉన్నాను కనుక పేరు ప్రచురించవద్దని మనవి.)