లైన్ క్లియర్ ఇచ్చే ముందు

పాలకొల్లు

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. దాళ్వా కోతలు మొదలయ్యాయి, కాలవగట్టు మీద రాత్రీ పగలూ ట్రాక్టర్లే. స్టేషన్ మాస్టరు ట్రైనింగుకి నువ్వున్న మౌలాలిలో ఎండలు ఎక్కువని విన్నాను, మంచినీళ్లు బాగా తాగు. నీ మెస్సు తిండి గురించి మీ అమ్మ విడిగా రాస్తానంటోంది.

మొన్న ఫోన్‌లో "రూల్సు పుస్తకం కంఠతా వచ్చేసింది నాన్నా, కానీ ఓవర్‌ల్యాప్ ఏదో, ఫౌలింగ్ మార్క్ ఏదో, బ్లాక్ సెక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, అన్నీ కలిసిపోతున్నాయి" అన్నావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదున్నట్టే రాయి. నేను చెప్పేది పరీక్ష అయ్యాక, నైట్ డ్యూటీలో సిగ్నళ్లు నడిపే పానెల్ ముందు ఒక్కదానివే కూర్చున్నప్పటి సంగతి. మన పనిలో ఏ మాట తీసుకున్నా, దాని వెనక ఎవరో ఒకరు కంటితో చూసి తీరాల్సింది ఒకటి ఉంటుంది. ఆ చూసేదేమిటో తెలిస్తే మాటలు వాటంతటవే విడివిడిగా నిలబడతాయి.

లైన్ క్లియర్ సంగతే తీసుకో. పక్క స్టేషన్ మాస్టరు బండి పంపిస్తానంటాడు, నువ్వు పంపించమంటావు. పైకి అంతే. కానీ ఆ మాట నీ నోటి నుంచి రావాలంటే అంతకు ముందు వచ్చిన బండి నీ స్టేషన్‌కి పూర్తిగా చేరి ఉండాలి. దాని వెనక సిగ్నళ్లన్నీ మళ్లీ ఎరుపుకి వచ్చి ఉండాలి. రంగు దీపాల సిగ్నళ్లున్న స్టేషనైతే, బండిని స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ దాటాక ఇంకో 180 మీటర్లు ఖాళీగా ఉండాలి. వీటిలో నేను అన్నిటికంటే భయభక్తులతో చూసుకున్నది బండి పూర్తిగా చేరిందా లేదా అన్నదే. ఇంజను వచ్చేస్తుంది, పెట్టెలు ఒకటొకటే కళ్ల ముందు నుంచి పోతుంటాయి. ఆఖరిది వచ్చిందా? దారిలో కప్లింగ్ తెగి నాలుగు వేగన్లు బ్లాక్ సెక్షన్‌లోనే, అంటే రెండు స్టేషన్ల మధ్య లైను మీదే, నిలబడిపోయి ఉంటే, నువ్విచ్చే లైన్ క్లియర్ వెనక వచ్చే బండిని నేరుగా వాటి మీదికి తోలుతుంది. అందుకే ఆఖరి పెట్టెకి పగలైతే ఎల్.వి. (లాస్ట్ వెహికల్) బోర్డు, రాత్రయితే మెరిసే ఎర్ర దీపం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మన వైపు సింగిల్ లైను. వానాకాలం రాత్రిళ్లు గొడుగు నిలిచేది కాదు. ధాన్యం గూడ్సు ఆగకుండా వెళ్లిపోతుంటే ప్లాట్‌ఫాం చివర, బండిని లైను మళ్లించే పాయింట్లు చూసుకునే పాయింట్స్‌మేన్, ఆఫీసు గుమ్మంలో నేను, ఇద్దరం ఆ ఎర్ర దీపం కోసమే చూసేవాళ్లం. అతను కేకేసి చెప్పేవాడు, నేను కూడా చూశాకే రిజిస్టర్‌లో టైము వేసేవాణ్ణి. బండి సెక్షన్‌లోకి వెళ్లాలంటే డ్రైవరు చేతిలో టోకెన్ ఉండాలి. పేము రింగుకి తోలు సంచీ, అందులో ఇనుప బంతి. రెండు స్టేషన్లలోని మిషన్లనీ కరెంటుతో ముడిపెట్టారు కాబట్టి ఒక బంతి బయట ఉన్నంతసేపు ఇంకోటి రాదు. ఆ బంతి మీద సెక్షన్ పేరు చెక్కి ఉంటుంది. సంచీలో వేసే ముందు ఆ పేరు నేను పైకి చదివేవాణ్ణి, పాయింట్స్‌మేన్ మళ్లీ చదివేవాడు. ఇంజను కదిలిపోతుండగానే డ్రైవరు చెయ్యి చాపి రింగు అందుకుని, లోపలికి తీసుకోగానే దీపం వెలుగులో తనూ చదువుకునేవాడు. ముగ్గురూ అదే పేరు చదివాకే బండి సెక్షన్‌లో పడేది.

ఇప్పుడు విజయవాడ నుంచి భీమవరం మీదుగా నిడదవోలు దాకా, మచిలీపట్నం, నర్సాపురం కొసలతో కలిపి 221 కిలోమీటర్లూ డబుల్ లైనూ, కరెంటు లైనూ అయిపోయింది. బంతులు పోయాయి. సెక్షన్‌లోకి ఎన్ని చక్రాల జతలు వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో యాక్సిల్ కౌంటర్ లెక్కపెడుతుంది, లెక్క కుదిరితేనే సెక్షన్ ఖాళీ అని చూపిస్తుంది. మంచి ఏర్పాటు, మనిషి కన్ను తప్పినా అది తప్పదు. అయినా బండి దాటేటప్పుడు కుర్చీలోనే ఉండిపోకు, లేచి బయటికి రా. యాక్సిల్ బాక్సు వేడెక్కి పొగ వస్తోందని, బ్రేకు పట్టేసిందని, తలుపు ఊడి వేలాడుతోందని కౌంటర్ చెప్పదు. బ్రేకు పట్టేసిన వేగన్ దాటుతుంటే కాలిన ఇనుము వాసన ముక్కుకి ముందే కొడుతుంది, తర్వాత చక్రం కింద నిప్పురవ్వలు కనిపిస్తాయి. ఎర్రజెండా చేతికందేలా ఉంచుకో. గార్డుకీ లోకో పైలట్‌కీ పచ్చజెండా ఊపేది ఏ లోపమూ లేదని చూశాకే.

ఇక నువ్వు తికమకపడుతున్నవి. పక్కన బండి నిలిపే లూప్ లైనూ మెయిన్ లైనూ కలిసే చోట రెండు లైన్ల మధ్య సున్నం కొట్టిన గుర్తు ఉంటుంది చూశావా, అదే ఫౌలింగ్ మార్క్. పుంతరోడ్డు పెద్దరోడ్డుతో కలిసే మూల గడ్డి ట్రాక్టరు మరీ ముందుకొచ్చి ఆగితే అవతల పోయే బస్సు దాన్ని రాసుకుపోతుందే, అలాగే ఆ గుర్తు దాటి వేగన్ మూల మిగిలితే పక్క లైను బండి దాన్ని గీరుకుంటుంది. షంటింగ్ అయ్యాక "లోపలే ఉందండి" అని ఎవరైనా అంటే, వేగన్ కొస ఆ గుర్తుకి ఇవతల ఎంత దూరంలో ఉందో అడుగు. చెప్పలేకపోతే చూడలేదన్నమాట.

ఓవర్‌ల్యాప్ వేరు. లోకో పైలట్ బ్రేకు వేసినా బండి ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగకుండా కొంచెం ముందుకు జారవచ్చు. ఆ జారుడికి ముందే విడిచిపెట్టిన ఖాళీ అది. బండిని స్టేషన్‌లోకి తీసుకోవాలంటే స్టేషన్ నుంచి బయటికి పంపే స్టార్టర్ సిగ్నల్ దాటాక 120 మీటర్లు. లైన్ క్లియర్ ఇవ్వాలంటే, ఇందాక చెప్పిన 180, అది హోమ్ దాటాక. ఈ రెండూ కలిపేసుకునే నీకు తల తిరుగుతున్నట్టుంది. ఒకటి నీ యార్డులోపలి లెక్క, ఇంకోటి పక్క స్టేషన్‌కి నువ్విచ్చే మాట లెక్క. ఏ సిగ్నల్ దగ్గర నిలబడి కొలుస్తున్నావో ముందు అనుకో, చిక్కు విడిపోతుంది.

రంగుల సంగతి నీకు బాగానే వచ్చు. బండి లూప్‌లోకి తిరుగుతుంటే పసుపు దీపంతో పాటు ఏటవాలుగా వెలిగే అయిదు తెల్ల దీపాలు మాత్రం పానెల్ మీద చూసి ఊరుకోకు, వీలున్నప్పుడు ఒకసారి పట్టాల పక్కకి వెళ్లి లోకో పైలట్‌కి ఎలా కనిపిస్తుందో చూడు. భోగికి ముందు మన దగ్గర మంచు పట్టినప్పుడు ఆ దీపం కళ్ల ముందుకొచ్చేదాకా కనపడదు. అప్పుడు సిగ్నల్‌కి 270 మీటర్ల ముందే పట్టా మీద డెటొనేటర్లు పెట్టించాలి. చక్రం కింద అవి పేలితేనే సిగ్నల్ దగ్గర పడుతోందని ఆయనకి తెలుస్తుంది.

గేటు గురించి నాకు ఎప్పుడూ బెంగే. ఇంటర్‌లాకింగ్ లేని గేటైతే, అంటే సిగ్నల్‌తో ముడిపెట్టని గేటైతే, గేటు వేశాననడానికి గుర్తుగా గేట్‌మేన్ ఫోన్‌లో ప్రైవేట్ నంబర్ చెప్పాలి. రెండంకెల నంబర్లు వరస లేకుండా అచ్చేసిన కాగితం, వాడినదాన్ని వాడినట్టు కొట్టెయ్యాలి. అతను గేటు వేసి తాళం పెట్టాకే ఆ నంబర్ పలకాలి. కోతల్లో అవతల పది ట్రాక్టర్లు ఆగి "ఒక్క నిమిషం బాబూ, దాటేస్తాం" అని బతిమాలుతుంటే అతని మీద పడే ఒత్తిడి నీకు కనపడదు. నువ్వు తొందరపెడితే అతను ముందు నంబర్ చెప్పేసి, తర్వాత గేటు వేద్దామనుకుంటాడు. బండి లేటైతే కానీ, అతన్ని తొందరపెట్టకు. పాసింజర్లు "అవుటర్లో పడేశారు" అని తిడతారు. రంగు దీపాల స్టేషన్‌లో అవుటర్ సిగ్నలే లేదు, ఆగింది హోమ్ దగ్గర. అవన్నీ వాళ్లకి చెప్పక్కర్లేదు, తిట్టుకోనీ.

2023 జూన్ 2న ఒడిశాలో బహనాగా బజార్ దగ్గర జరిగింది నీకు తెలుసు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ ఉంది, పాయింట్లు లూప్ వైపు ఉన్నాయి, లూప్‌లో ఇనుప ఖనిజం గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా పోయారు. మన రాజమండ్రి మీదుగా మద్రాసు పోయే బండి అది, ఆ రాత్రి మన జిల్లాల్లో ఎందరో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. పాయింట్లు సరిగ్గా తిరిగి బిగుసుకుంటే తప్ప సిగ్నల్ రాకూడదన్నదే ఇంటర్‌లాకింగ్. సిగ్నల్ వైరింగ్ మార్పుల్లో జరిగిన తప్పు వల్ల అది పని చేయలేదని విచారణలో తేలింది. అందుకే అమ్మలూ, సిగ్నల్ వాళ్లు పని ముగించి, విప్పినవి మళ్లీ కలిపామని రీకనెక్షన్ మెమో తెస్తే వెంటనే సంతకం పెట్టకు. పాయింటుని నార్మల్‌కీ రివర్స్‌కీ తిప్పించు. పాయింటులో కదిలే నాలుక పట్టా నిజంగా ఎటు ఆనుకుందో పాయింట్స్‌మేన్ చేత అక్కణ్ణించే ఫోన్‌లో చెప్పించుకో. పానెల్ మీద చూపిస్తున్నదీ, అతను చెప్పేదీ ఒకటైతేనే సంతకం. ఎంత పెద్ద ఆఫీసరు పక్కన నిలబడి గడియారం చూసుకున్నా సరే.

పరీక్షలయ్యాక ఏ స్టేషన్ ఇస్తారో తెలియగానే నాకు చెప్పు. ప్రతి స్టేషన్‌కీ విడిగా స్టేషన్ వర్కింగ్ రూల్స్ ఉంటాయి, అవి చదివి అర్థమైందని సంతకం పెడితేనే డ్యూటీ ఇస్తారు. అందులో యార్డు ప్లాను ఉంటుంది. దాన్ని పట్టుకుని పగటిపూట ఈ చివరి డిస్టెంట్ (హోమ్‌కి ముందు వచ్చే సిగ్నల్) నుంచి ఆ చివరి డిస్టెంట్ దాకా నడు, పాయింట్స్‌మేన్‌ని వెంట తీసుకెళ్లు, మంచి బూట్లు వేసుకో. అర్థం కానిది ఒక్కటి మిగిలినా అడిగాకే సంతకం.

పెసర అప్పడాలు, నిమ్మకాయ పచ్చడి అమ్మ పార్సెల్ కడుతోంది. నీ రూముమేట్ అమ్మాయికి కూడా సరిపడా పంపిస్తున్నాం.

మీ నాన్న