టికెట్ ధర ముందే తేల్చండి: కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి గారికి,

నమస్కారం. విజయవాడ గాంధీనగర్‌లో నేనొక చిన్న సినిమా డిస్ట్రిబ్యూటర్‌ని. వినతిపత్రాలకు జవాబు రాక, అందరి ముందూ రాస్తున్నాను.

సినిమాను విడుదలకు ముందే కొంటాం. ఎన్‌ఆర్‌ఏ (తిరిగివ్వని అడ్వాన్స్) పద్ధతిలో కడితే నష్టమొచ్చినా ఆ సొమ్ము తిరిగి రాదు. థియేటర్ అద్దెలు, పబ్లిసిటీ, వడ్డీలు పోగా ఏమైనా మిగిలితేనే మాకు తిండి. ఆ లెక్కంతా టికెట్ ధర మీదే నడుస్తుంది. 2022 మార్చి జీవో ధరలు ఖరారు చేసింది. పెద్ద సినిమాలకు ప్రభుత్వం అనుమతించే ధర పెంపు మాత్రం తరచూ చివరి గంటల దాకా తేలదు. బుకింగ్ తెరవలేం. అప్పిచ్చినవాళ్ల ఫోన్లు ఆగవు. క్యూలో ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో తెలియక కౌంటర్ కుర్రాడు మా ముఖం చూస్తాడు.

ధర పెంచమని అడగడం లేదు. పెంపు ఇచ్చినా, నిరాకరించినా, ఆ ఉత్తర్వు విడుదలకు పది రోజుల ముందే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిస్ట్రిబ్యూటర్, విజయవాడ