రాత్రి పది తర్వాత మైకు విద్యార్థులకు ఇప్పించండి

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అట్లాంటాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో నా దగ్గర ఓ పాత కారు ఉండేది. అందులో సీడీ ప్లేయర్ పాడైపోయి రేడియో ఒక్కటే పనిచేసేది. ఓ రాత్రి ల్యాబ్ నుంచి రూమ్‌కి వెళ్తూ స్టేషన్లు తిప్పుతుంటే 91.1 దగ్గర ఏదో వింత శబ్దం. రేకు మీద వాన చినుకుల్లా మొదలై, మెల్లగా ఒక తాళంలోకి కుదురుకుంది. దాన్ని పాట అనాలో వద్దో కూడా తెలియలేదు. ఇంటి ముందు కారు ఆపి, అది అయ్యేదాకా అందులోనే కూర్చున్నాను. తర్వాత ఒక అమ్మాయి గొంతు వినిపించింది. అప్పటిదాకా వేసిన ప్రతి ట్రాక్ పేరు, చేసినవాళ్ల పేరు, వాళ్ల ఊరు తీరిగ్గా చదివింది. పెట్రోలు రసీదు వెనక గబగబా రాసుకున్నాను. ఎలక్ట్రానిక్ సంగీతం నాకు పరిచయమైంది అలాగే.

అది అట్లాంటాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ విద్యార్థులు నడిపే రేడియో స్టేషన్, డబ్ల్యూఆర్‌ఈకే. 1968లో మొదలైంది. ఏం వేయాలో విద్యార్థులే తేల్చుకుంటారు. సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ స్టేషన్ కేసీఎంయూ కూడా విద్యార్థులు మొదలుపెట్టిందే, ఇప్పుడు దాని పేరు కేఈఎక్స్‌పీ. 1980లలో అక్కడ ప్రోగ్రాములు చేసిన బ్రూస్ పావిట్, జోనథన్ పోన్‌మన్ కలిసి సబ్ పాప్ అనే రికార్డు కంపెనీని నిలబెట్టారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రాక్ బ్యాండ్ నిర్వాణ మొదటి ఆల్బమ్‌ను 1989లో విడుదల చేసింది ఆ కంపెనీయే.

మన దేశంలో ఇలాంటి రేడియోకు పునాది లేక కాదండీ. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2004లో చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో దేశంలోనే మొదటి క్యాంపస్ రేడియో వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళల సంఘం రేడియో 2008 నుంచి వాళ్ల మాటనూ పాటనూ వాళ్ల యాసలోనే వినిపిస్తోంది. కాలేజీలో, సంఘాలో లాభం కోసం కాకుండా నడిపే ఇలాంటి చిన్న స్టేషన్లను కమ్యూనిటీ రేడియోలంటారు. దేశం మొత్తం మీద అవి 500 దాటాయి.

అయినా, కొత్తగా పాట కట్టే కుర్రాడికి అక్కడ చోటు దొరకడం కష్టంగానే ఉంది. కమ్యూనిటీ రేడియోలపై మీ శాఖ విధానంలో వ్యవసాయం, ఆరోగ్యం, విద్య, పర్యావరణం గురించి పేరుపేరునా రాశారు. అవన్నీ కావాల్సినవే. సంగీతం మాత్రం ‘సాంస్కృతిక కార్యక్రమాలు’ అన్న మాట వెనక ఎక్కడో ఉండిపోయింది. పేరు లేని పనికి ఏ కాలేజీ యాజమాన్యం టైం కేటాయిస్తుంది?

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. బోనాల రోజు వీధిలో డప్పును ఫోన్‌లో రికార్డు చేసుకుని, హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద దానికి సింథసైజర్ స్వరాలు కలిపి నాలుగు నిమిషాల ట్రాక్ చేశాడు. ఒక ప్రైవేటు ఎఫ్ఎంకి పంపితే జవాబే రాలేదు. సినిమా పాటంటే నాకూ ప్రాణమే, కానీ రేడియో పెడితే అదొక్కటే వినిపిస్తే ఎలా? ఇక యాప్‌లంటారా, నిన్న విన్నదానిలాంటిదే ఇవాళా ముందు పెడతాయి. ఆ రాత్రి నాకు దొరికింది నేను అడగనిది, ఉందని కూడా తెలియనిది. ఒక మనిషి తనకు నచ్చి వేసింది కాబట్టి దొరికింది.

అందుకే నా విన్నపం. కమ్యూనిటీ రేడియో ప్రసారాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని నిబంధన ఇప్పటికే ఉంది. ఆ ఊరివాళ్లు సొంతంగా చేసిన సంగీతం, ఎలక్ట్రానిక్ అయినా సరే, ఆ సగంలోకి వస్తుందని స్పష్టంగా రాయించండి. కాలేజీ స్టేషన్లలో రాత్రి పది నుంచి పన్నెండు దాకా పాటల ఎంపిక విద్యార్థులకే వదలమని చెప్పండి. వేసిన ప్రతి పాట తర్వాత చేసినవాళ్ల పేరు, ఊరు చదవడం తప్పనిసరి చేయండి. కమ్యూనిటీ రేడియోలకు మీ శాఖ ఇచ్చే ఆర్థిక సాయంలో ఒక చిన్న రికార్డింగ్ గదికీ చోటుంటే ఇంకా మంచిది.

ఈ చిన్న స్టేషన్ల ట్రాన్స్‌మిటర్లు పది పదిహేను కిలోమీటర్లకు మించి అందవు. మా వాడి హాస్టల్ నుంచి మా అక్క ఇల్లు ఎనిమిది కిలోమీటర్లే. ఆవిడ ఇంకా ఆ ట్రాక్ వినలేదు. రేడియోలో వచ్చినప్పుడే వినిపిస్తానని వాడు పట్టుబట్టి కూర్చున్నాడు.

ఇట్లు,
ఒక శ్రోత,
హైదరాబాద్